బరువు తగ్గే రోజుల్లో నట్స్: దేని బదులు, ఏ రూపంలో, ఎంత?

బరువు తగ్గాలనుకునేవారు నట్స్ విషయంలో రెండు రకాలుగా పొరపడతారు. కొవ్వు ఎక్కువని కొందరు మొత్తానికే మానేస్తారు. ఆరోగ్యానికి మంచివి కదా అని మరికొందరు డబ్బా పక్కన పెట్టుకుని లెక్క లేకుండా తింటారు. రెండో పొరపాటే ఎక్కువ దెబ్బతీస్తుంది. రోజుకు 500 కేలరీలు తగ్గించి తినాలని గట్టిగా నిర్ణయించుకున్న మనిషి, ఫోన్ చూసుకుంటూ 60 గ్రాముల జీడిపప్పు తినేస్తే 330 కేలరీలు లోపలికి వెళ్లిపోతాయి. ఆ రోజు పడిన కష్టంలో మూడింట రెండు వంతులు అక్కడే చెల్లు. కడుపు నిండా తిన్నట్టు కూడా అనిపించదు.

బాదం మంచిదా, పిస్తా మంచిదా, అక్రోటు (వాల్‌నట్) మంచిదా అని అందరూ ముందు అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు ఉంది, కింద చెబుతాం. కానీ బరువు మీద ఎక్కువ ప్రభావం చూపేవి వేరే మూడు: వాటిని దేని బదులు తింటున్నారు, ఏ రూపంలో తింటున్నారు, తూచి తింటున్నారా లేదా. రకం ఎంపిక వీటి తర్వాతే.

పైన చేర్చడమా, బదులు తినడమా

రోజువారీ తిండి అంతా అలాగే ఉంచి, పైన 28 గ్రాముల బాదం చేర్చారనుకోండి. నెలకు దాదాపు 5,000 కేలరీలు అదనం. ఒంట్లో కిలో కొవ్వుకు సుమారు 7,700 కేలరీలని లెక్క కాబట్టి, కాగితం మీద ఇది అర కిలో పైమాటే. వాస్తవంలో అంత పెరగరు. నట్స్ తిన్నాక తర్వాతి భోజనంలో తెలియకుండానే కొంత తగ్గించి తింటాం, పైగా వాటిలోని కేలరీలన్నీ ఒంటికి పట్టవు. అయినా సరే, తగ్గాల్సిన బరువు నెమ్మదించడానికి ఆ మిగులు చాలు.

అదే 28 గ్రాములు సాయంత్రం చిప్స్ బదులు తింటే సంగతి వేరు. అంతే బరువున్న ఆలూ చిప్స్‌లో కూడా 150 పైచిలుకు కేలరీలు ఉంటాయి. అంటే కేలరీల్లో పెద్ద తేడా లేదు. కానీ బాదంలో ప్రొటీన్, పీచు రెండూ చిప్స్‌లో ఉన్నదానికి మూడు రెట్ల దాకా ఉంటాయి, నమలడానికి సమయం పడుతుంది, రాత్రి భోజనం దాకా ఆకలి నిలకడగా ఉంటుంది. నట్స్‌తో బరువు తగ్గినవారిలో చాలామందికి లాభం వచ్చింది ఈ మార్పిడి వల్లే.

పెద్ద అధ్యయనాలు కూడా ఇటే చూపిస్తున్నాయి. అమెరికాలో 1,20,877 మంది ఆహారపు అలవాట్లను, బరువును ఏళ్ల తరబడి గమనించి 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక నివేదిక ప్రచురించారు. రోజుకు ఒక సర్వింగ్ (సుమారు 28 గ్రాములు) నట్స్ అదనంగా అలవాటు చేసుకున్నవారిలో ప్రతి నాలుగేళ్లకు బరువు పెరుగుదల సగటున 0.57 పౌండ్లు, అంటే పావు కిలో తక్కువగా కనిపించింది. ఆలూ చిప్స్ పెంచుకున్నవారిలో 1.69 పౌండ్లు, అంటే ముప్పావు కిలో ఎక్కువగా కనిపించింది. ఇది గమనింపు మాత్రమే. నట్స్ తినేవారికి నడక, నిద్ర లాంటి ఇతర మంచి అలవాట్లు కూడా ఉండే అవకాశం ఉంది. స్పెయిన్‌లో జరిగిన ప్రెడిమెడ్ అనే పెద్ద ఆహార ప్రయోగంలో ఒక బృందానికి రోజూ 30 గ్రాముల నట్స్ ఇచ్చారు: 15 గ్రాముల అక్రోటు, ఏడున్నర గ్రాముల బాదం, ఏడున్నర గ్రాముల హేజెల్‌నట్. కేలరీలు తగ్గించమని చెప్పకపోయినా ఆ బృందం బరువు చెప్పుకోదగినంతగా పెరగలేదు.

అయితే నట్స్ కొవ్వును కరిగించే మందు కాదు. 2012లో 123 మందితో చేసిన ఒక ప్రయోగంలో అందరికీ తక్కువ కేలరీల ఆహారమే ఇచ్చారు. ఒక బృందానికి అందులో భాగంగా రోజుకు 56 గ్రాముల బాదం, రెండో బృందానికి నట్స్ పూర్తిగా నిషేధం. ఆరు నెలలకు నట్స్ లేనివారు 7.4 కిలోలు, బాదం తిన్నవారు 5.5 కిలోలు తగ్గారు. 18 నెలలు తిరిగేసరికి ఆ తేడా లేకుండా పోయింది. నట్స్ మానేసినంత మాత్రాన ఎక్కువ కాలం నిలిచే లాభం రాలేదు, తిన్నంత మాత్రాన బరువు వేగంగానూ తగ్గలేదు. మా దృష్టిలో కేలరీలు తగ్గించి తినే రోజుల్లో 56 గ్రాములు ఎక్కువ. అందులో సగం చాలు.

లేబుల్ మీది అంకె, ఒంటికి పట్టే అంకె

ప్యాకెట్ మీద కేలరీలు లెక్కగట్టే పద్ధతి 19వ శతాబ్దం చివర్లో అమెరికా శాస్త్రవేత్త విల్బర్ ఆట్‌వాటర్ చేసిన పని నుంచి వచ్చింది. గ్రాము ప్రొటీన్‌కు 4, గ్రాము పిండిపదార్థానికి 4, గ్రాము కొవ్వుకు 9 కేలరీలు. చాలా ఆహారాలకు ఇది సరిపోతుంది. నట్స్ దగ్గర మాత్రం తప్పుతుంది.

కారణం గింజ లోపలి నిర్మాణం. నట్స్‌లో నూనె విడిగా ఉండదు. కంటికి కనిపించనంత చిన్న కణాల్లో బంధించి ఉంటుంది, ఆ కణాల గోడలు పీచుతో కట్టినవి. ఆ గోడల్ని మన జీర్ణరసాలు కరిగించలేవు. పంటి కింద పగిలిన కణాల్లోని నూనె ఒంటికి అందుతుంది. పగలకుండా మిగిలిన కణాలు నూనెను అలాగే పట్టుకుని మలంతో బయటికి పోతాయి.

అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు వాలంటీర్లకు కొలిచిన ఆహారం పెట్టి, వారి మలమూత్రాలను పరీక్షించి ఈ తేడాను లెక్కించారు. 28 గ్రాముల బాదంలో 165 నుంచి 170 కేలరీలు ఉండాల్సిన చోట ఒంటికి అందినవి 129. అక్రోటులో 185కు బదులు 146. జీడిపప్పులో 163కు బదులు 137. పిస్తాలో తేడా చిన్నది, 5 శాతం మాత్రమే.

ఇంతకంటే పనికొచ్చే సంగతి అదే శాఖ 2016లో ప్రచురించిన ప్రయోగంలో ఉంది. బాదాన్నే నాలుగు రూపాల్లో ఇచ్చి చూశారు. పచ్చి బాదం గ్రాముకు 4.42 కేలరీలు ఇచ్చింది. వేయించిన గింజలు 4.86, వేయించి ముక్కలు చేసినవి 5.04, బాదం బటర్ (గింజల్ని మెత్తగా రుబ్బిన ముద్ద) 6.53. 28 గ్రాములకు లెక్కవేస్తే పచ్చి గింజలు 124, వేయించినవి 136, ముక్కలు 141, బటర్ 183. అదే గింజ, అదే బరువు, రూపం మారితే దాదాపు 60 కేలరీల తేడా. బాదం నుంచి పిస్తాకు మారినా, పిస్తా నుంచి జీడిపప్పుకు మారినా లేబుల్ మీద ఇంత తేడా రాదు. అందుకే రకం కంటే రూపాన్ని ముందు తేల్చుకోమంటున్నాం.

ఒక జాగ్రత్త. ఈ తక్కువ అంకెల్ని మీ రోజువారీ లెక్కలో రాయకండి. లేబుల్ మీది అంకెనే రాసుకోండి. ఎంత మెత్తగా నమిలారు, ఎంత వేయించారు అన్నదాన్ని బట్టి అసలు అంకె మారుతుంది. ఎవరూ ఇంట్లో దాన్ని కొలవలేరు. ఆ మిగులు, తూకంలో జరిగే చిన్న చిన్న తప్పులకు సరిపోతుందనుకుంటే చాలు.

నమలడం గురించి కూడా తరచూ అడుగుతారు: తక్కువ నమిలి మింగితే ఇంకా తక్కువ కేలరీలు పడతాయి కదా అని. పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో ఒక్కో ముద్దను 10, 25, 40 సార్లు నమిలించి చూశారు. 10 సార్లే నమిలినప్పుడు ఎక్కువ కొవ్వు బయటికి పోయిన మాట నిజమే. కానీ 40 సార్లు నమిలినప్పుడు ఆకలి ఎక్కువసేపు అణిగి ఉంది. బరువు తగ్గే మనిషికి పది, పదిహేను కేలరీల ఆదా కంటే తర్వాతి రెండు గంటలు ఆకలి లేకుండా ఉండటమే విలువైనది. బాగా నమలండి.

రూపాల్లో ఏది

పచ్చివి, లేదా నూనె లేకుండా వేయించినవి, ఉప్పు లేని గింజలు: మొదటి ఎంపిక ఇవే. వేయించిన వాటి లేబుల్ మీద 100 గ్రాములకు కేలరీలు కాస్త ఎక్కువ కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. వేడికి తేమ ఆవిరై, అదే బరువులో గింజ భాగం పెరుగుతుంది. నూనెలో వేయించినవాటికీ, ఉత్తగా వేయించినవాటికీ కేలరీల తేడా కూడా జనం అనుకునేంత లేదు. గింజలో అప్పటికే సగం నూనే, కొత్తగా పీల్చుకునేది స్వల్పం. అసలు చిక్కు పైపూతతో వస్తుంది. ఉప్పు, మసాలా, తేనె, చక్కెర పాకం, చాక్లెట్ పట్టించిన గింజలు చేతిని ఆగనివ్వవు. 28 గ్రాముల దగ్గర ఆపుదామని మొదలుపెట్టినవారు ప్యాకెట్ అడుగు చూసి లేస్తారు. ఉప్పు వేసినవి ఎక్కువగా తిన్న మర్నాడు తూకంలో అర కిలో, కిలో ఎక్కువ కనిపించవచ్చు. అది నీరు, కొవ్వు కాదు. రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది.

నట్ బటర్ చెడ్డది కాదు, కొలవడమే కష్టం. టేబుల్ స్పూను అంటే అంచుకు సమంగా గీసిన స్పూను: 16 గ్రాములు, 95 నుంచి 100 కేలరీలు. సీసాలోంచి తీసే గుట్ట స్పూనులో 25, 30 గ్రాములు ఉంటాయి. రెండు గుట్ట స్పూన్లు బ్రెడ్డు మీద రాస్తే 300 కేలరీలు దాటిపోతాయి, తినే మనిషి మాత్రం 190 అని రాసుకుంటాడు. దీనికి తేలికైన ఉపాయం ఉంది. సీసాను మూత తీసి తూకం మీద పెట్టి సున్నా చేయండి. కావలసినంత తీసుకోండి. తెర మీద మైనస్‌లో కనిపించే అంకె మీరు తీసుకున్న బరువు. స్పూను నాకినా లెక్కలోకి వస్తుంది. కొనేటప్పుడు పదార్థాల పట్టికలో గింజలు, మహా అయితే ఉప్పు తప్ప ఇంకేమీ లేనిదాన్ని ఎంచుకోండి. పైన నూనె తేలుతుంటే పాడైనట్టు కాదు. నూనె విడిపోకుండా ఆపే పదార్థాలు కలపలేదని అర్థం. పళ్లు బలహీనంగా ఉన్నవారికి, కట్టుడు పళ్లవారికి తూచిన నట్ బటరే సరైన దారి.

బాదం పిండితో చేసే రొట్టెలు, కేకుల విషయంలో మోసపోయేవారు ఎక్కువ. పిండిపదార్థం తక్కువన్నది నిజం. కానీ కప్పు పిండి సుమారు 100 గ్రాములు, దాదాపు 600 కేలరీలు. పైగా మెత్తగా దంచిన గింజలో కణాల గోడలు చాలావరకు పగిలిపోతాయి కాబట్టి పైన చెప్పిన తగ్గింపు ఇక్కడ ఆశించకూడదు. అదే కప్పు గోధుమ పిండిలో 450 ఉంటాయి. బరువు కోసమే అయితే ఈ మార్పిడిలో లాభం లేదు.

తీపి కలపని బాదం పాలు కప్పుకు 30, 40 కేలరీలే. అందులో ఉన్న బాదం కూడా అంతంతే, ప్రొటీన్ గ్రాము. తేలికైన పానీయంగా తాగండి, నట్స్ తిన్నట్టు లెక్కేసుకోవద్దు.

నానబెట్టడం వల్ల బరువు తగ్గడంలో తేడా ఏమీ రాదు. మెత్తగా ఉంటాయి, కొందరికి తేలిగ్గా అరుగుతాయి, అంతవరకే. అయితే నానిన గింజ నీరు పీల్చి బరువెక్కుతుంది. అందుకే నానబెట్టక ముందే తూచాలి. పొట్టు తీయకుండా తింటే పీచు కొంచెం ఎక్కువ దక్కుతుంది.

ఎండు పళ్లు, చాక్లెట్ ముక్కలు కలిపిన మిక్స్ ప్యాకెట్లు చివరి ఎంపిక. ఎండుద్రాక్ష 100 గ్రాములకు 300 కేలరీలు, చాలావరకు చక్కెరే. తీపి, ఉప్పు, నూనె ఒకే గుప్పిట్లో ఉంటే ఆపడం కష్టం. పెద్దగా ఎక్కుదిగుళ్లు లేని రోజున మీకు వాటి అవసరం లేదు. రోజంతా కొండ ఎక్కేవారి కోసం పుట్టిన తిండి అది.

ఇక రకాలు

కింది అంకెలు ఉప్పు, పూత లేని 28 గ్రాముల గింజలవి.

| రకం | ఎన్ని | కేలరీలు | ప్రొటీన్ (గ్రా.) | పీచు (గ్రా.) |
|---|---|---|---|---|
| బాదం | 23 | 164 | 6 | 3.5 |
| పిస్తా | 49 | 159 | 5.7 | 3 |
| జీడిపప్పు | 16–18 | 157 | 5.2 | 0.9 |
| వేరుశనగ | చిన్నా పెద్దా ఉంటాయి, తూచాలి | 161 | 7.3 | 2.4 |
| అక్రోటు | 14 సగం ముక్కలు | 185 | 4.3 | 1.9 |
| హేజెల్‌నట్ | 20 | 178 | 4.2 | 2.7 |
| పెకాన్ | 19 సగం ముక్కలు | 196 | 2.6 | 2.7 |
| మకడమియా | 10–12 | 204 | 2.2 | 2.4 |
| గుమ్మడి గింజలు | తూచాలి | 158 | 8.6 | 1.7 |

చేతి అలవాటుగా తినేవారికి తొక్కతో ఉన్న పిస్తా సరైనది. ఒక్కొక్కటి ఒలుచుకోవాలి, వేగం దానంతటదే తగ్గుతుంది. తొక్కలు ముందు పోగుపడి ఎంత తిన్నారో కళ్లకు కనిపిస్తుంది. ఈస్టర్న్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వారు 2011లో దీన్ని రెండు విధాలుగా పరీక్షించారు. ఒలిచిన పిస్తా పెట్టినవారు సగటున 211 కేలరీలు తింటే, తొక్కతో పెట్టినవారు 125 కేలరీల దగ్గరే ఆగారు. రెండో పరీక్షలో తొక్కల్ని ఎప్పటికప్పుడు తీసేయకుండా ముందే ఉంచితే తిన్నది 18 శాతం తగ్గింది. కాబట్టి తొక్కలు చెత్తబుట్టలో వేస్తూ తినకండి, పక్కనే గిన్నెలో వేయండి. పిస్తా బరువులో దాదాపు సగం తొక్కే. 28 గ్రాముల పప్పు కావాలంటే తొక్కతో 55 గ్రాములు తూచాలి. ఉప్పు వేయనివి వెతకడం మాత్రం కాస్త పని.

రెండు భోజనాల మధ్య ఆకలికి బాదం. పీచు అన్నిటికంటే ఎక్కువ, గట్టిగా ఉంటుంది, నమలక తప్పదు, పచ్చిగా తింటే ఒంటికి పట్టే కేలరీలు బాగా తక్కువ. సంచిలో పెట్టుకుని తిరిగినా చెడిపోదు. పిస్తా ఒలిచే తీరిక లేనివారికి, ఒకే రకం ఎంచుకోవాలనుకునేవారికి మేం చెప్పేది ఇదే.

వేరుశనగ నిజానికి పప్పుధాన్యాల కుటుంబానిది, పోషకాల్లో నట్స్‌తో సమానం. ప్రొటీన్ ఎక్కువ, పీచు ఫర్వాలేదు. బాదాన్ని ఆకాశానికెత్తి వేరుశనగను చిన్నచూపు చూడటానికి బరువు లెక్కల్లో ఏ ఆధారమూ లేదు. ముడుచుకున్నవి, రంగు మారినవి, బూజు వాసన ఉన్నవి ఏరి పారేయండి. బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయించినా పూర్తిగా పోదు.

అక్రోటు కేలరీల్లో కాస్త బరువైనదే. కానీ 28 గ్రాముల్లో రెండున్నర గ్రాముల ఒమేగా-3 (ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం) ఉంటుంది. పట్టికలోని మిగతావేవీ ఇందులో దాని దరిదాపుల్లోకి రావు. గుండె కోసం కూడా ఆలోచించేవారు వారంలో కొన్ని రోజులు బాదం బదులు దీన్ని తీసుకోవచ్చు. ఆ రోజుల్లో 14 సగం ముక్కలు కాకుండా 12 తింటే కేలరీలు బాదంతో సమానమవుతాయి.

జీడిపప్పు కేలరీల వరుసలో అన్నిటికంటే కింద ఉంది. ఆ ఒక్క అంకె చూసి ఎంచుకుంటే నిరాశ తప్పదు. పీచు గ్రాము కూడా లేదు, మెత్తగా తియ్యగా ఉండి నాలుగు నమలడాల్లో జారిపోతుంది. నిషేధించాల్సిన అవసరం లేదు. 16 గింజలు లెక్కపెట్టి గిన్నెలో వేసుకుని, డబ్బా లోపల పెట్టేసి తినగలిగితే తినండి. సాస్‌లు, గ్రేవీల్లో ముద్దగా వేసిన జీడిపప్పును కూడా లెక్కలోకి తీసుకోవాలి. 50 గ్రాముల ముద్ద అంటే ఆ గిన్నెకు 275 కేలరీలు చేరినట్టే.

పెకాన్, మకడమియా రుచికి గొప్పవి, ప్రొటీన్‌కు కావు. 200 కేలరీలు ఖర్చుపెట్టి రెండు గ్రాముల ప్రొటీన్ తెచ్చుకోవడం కేలరీల కరువున్న రోజుల్లో కుదరదు. సలాడ్ మీద నాలుగైదు ముక్కలు చల్లుకోండి. హేజెల్‌నట్ వీటికీ బాదానికీ మధ్యలో ఉంటుంది.

బ్రెజిల్ నట్‌ను పట్టికలో కావాలనే చేర్చలేదు. ఇది 28 గ్రాములు తినే గింజ కాదు. పెద్దలకు రోజుకు కావలసిన సెలీనియం అనే ఖనిజం 55 మైక్రోగ్రాములు. ఒక్క గింజలోనే అంతకంటే ఎక్కువ ఉండొచ్చు. రోజుకు 400 మైక్రోగ్రాములు దాటకూడదు, ఆరు గింజల్లో 500 దాటుతుంది. రోజూ అలా తింటే జుట్టు రాలడం, గోళ్లు విరగడం, నోట్లో వెల్లుల్లి వాసన లాంటి సమస్యలు మొదలవుతాయి. ఒకటి, మహా అయితే రెండు.

ఎంత, ఎలా

రోజుకు 1,500 నుంచి 1,800 కేలరీలతో తగ్గేవారికి 28 గ్రాములు. 1,200 దగ్గర ఉన్నవారికి 14 గ్రాములు, అంటే 11, 12 బాదం గింజలు. గుప్పెడు అనే కొలతను నమ్మకండి. ఒక్కో చేతికి ఒక్కో గుప్పెడు, ఆకలి వేసినప్పుడు అదే చెయ్యి పెద్దదవుతుంది.

వారానికోసారి పది నిమిషాలు కేటాయించండి. తూకం మీద చిన్న గిన్నె పెట్టి సున్నా చేసి, 28 గ్రాముల చొప్పున ఏడు చిన్న డబ్బాల్లో వేయండి. పెద్ద ప్యాకెట్ మూసి, చేతికి వెంటనే అందని చోట పెట్టండి. రోజుకు ఒక డబ్బా. దాన్ని ఖాళీ చేశాక ఇంకో డబ్బా మూత తీయాలంటే మనిషి ఒక్క క్షణం ఆగుతాడు. ప్యాకెట్‌లోంచి తినేటప్పుడు ఆ ఆగడం ఉండదు.

ఏ పూట తినాలన్నదానికి రహస్యమేమీ లేదు. మీరు అదుపు తప్పే వేళ ఏదో చూసుకోండి. చాలామందికి అది సాయంత్రం నాలుగు, ఆరు గంటల మధ్య ఉంటుంది. దానికి అరగంట ముందు తినండి. పరిమాణం తక్కువగా ఉందని కడుపు ఒప్పుకోకపోతే 14 గ్రాముల బాదంతో ఒక ఆపిల్ కలపండి. మొత్తం 160, 170 కేలరీలే, కానీ ప్లేటు నిండుగా ఉంటుంది, తినడానికి పావుగంట పడుతుంది. ఎప్పుడూ నట్స్ తినని కడుపు మొదట్లో ఉబ్బరిస్తుంది. 10 గ్రాములతో మొదలుపెట్టి రెండు వారాల్లో పెంచండి, నీళ్లు తగినన్ని తాగండి.

నట్స్‌ను ఎంచుకోకూడని చోట

ప్రొటీన్ కోసమే అయితే నట్స్ తప్పుడు ఎంపిక. బాదం నుంచి 20 గ్రాముల ప్రొటీన్ రావాలంటే 95 గ్రాములు తినాలి, 550 కేలరీలు అవుతాయి. మూడు గుడ్లలో దాదాపు అంతే ప్రొటీన్ 220 కేలరీలలోపే వస్తుంది. నట్స్‌ను భోజనంలో కొవ్వు భాగంగా చూడండి: సలాడ్‌లో నట్స్ వేస్తే నూనె డ్రెస్సింగ్ తగ్గించాలి, ఓట్స్‌లో వేస్తే వెన్న మానాలి.

మొదలుపెడితే ఆపలేమని మీకు ముందే తెలిస్తే, బరువు తగ్గేదాకా ఇంట్లో పెద్ద ప్యాకెట్ పెట్టుకోకండి. అందులో చిన్నతనమేమీ లేదు. గింజలు తినకుండానే బరువు తగ్గినవారు ఎంతోమంది.

అలర్జీ ఉన్నవారు ఏ రకంతోనూ ప్రయోగాలు చేయకూడదు. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవారికి పిస్తా మేలు, బాదం, జీడిపప్పులో ఆక్సలేట్ ఎక్కువ. కిడ్నీ పనితీరు తగ్గినవారు పొటాషియం, ఫాస్ఫరస్ సంగతి వైద్యుడితో మాట్లాడకుండా ఏ నట్స్‌నూ రోజూ మొదలుపెట్టవద్దు. థైరాయిడ్‌కు లెవోథైరాక్సిన్ వాడేవారు మాత్రను పరగడుపున వేసుకుని, అరగంట నుంచి గంట ఆగాకే ఏదైనా తినాలి. అక్రోటు ఆ మందు ఒంటికి పట్టడాన్ని తగ్గించగలదు కాబట్టి దాన్ని సాయంత్రానికి మార్చుకోండి. అయిదేళ్లలోపు పిల్లలకు మీ డబ్బాలోంచి పూర్తి గింజలు పెట్టకండి, గొంతుకు అడ్డం పడతాయి.

అక్రోటు, పెకాన్ లాంటివి బయట ఉంచితే త్వరగా ముక్కిన వాసన పట్టి చేదెక్కుతాయి. గాలి చొరబడని డబ్బాలో ఫ్రిజ్‌లో ఆరు నెలలు, ఫ్రీజర్‌లో ఏడాది ఉంటాయి. చేదు బాదం నోట్లో పడితే ఉమ్మేయండి. ఆ చేదు వెనుక సయనైడ్‌ను విడుదల చేసే పదార్థం ఉంటుంది.

మూడు వారాలైనా తూకం కదలకపోతే

నట్స్‌ను వెంటనే నిందించకండి, వెంటనే వదిలేయనూ వద్దు. ముందు ఒక వారం గింజలు ఎక్కడెక్కడి నుంచి వస్తున్నాయో రాయండి. ఉదయం ఓట్స్‌లో చెంచాడు, మధ్యాహ్నం సలాడ్ మీద కొన్ని, సాయంత్రం డబ్బా, రాత్రి స్పూను నట్ బటర్. ఒక్కోటి చిన్నదే, నాలుగూ కలిపితే 400 కేలరీలు. వీటిలో ఒకటి ఉంచి మూడు తీసేయండి, ఉంచేది ఆకలిని నిజంగా ఆపుతున్నదై ఉండాలి. ఒకటే డబ్బా తింటున్నారని తేలితే, దేని బదులు మొదలుపెట్టారో ఆ పాత తిండి మెల్లగా వెనక్కి వచ్చిందేమో చూడండి. చిప్స్ బదులు నట్స్‌తో మొదలై, నెల తిరిగేసరికి నట్స్‌తో పాటు చిప్స్ కూడా తినడం చాలా ఇళ్లలో జరుగుతుంది. ఆ రెండూ సరిగ్గానే ఉంటే 28 గ్రాముల్ని 14 చేసి, మిగతా సగం చోట పండు పెట్టి మరో రెండు వారాలు చూడండి.